ఐపీ (దివాలా పిటిషన్), ఓటీఎస్ (బాకీలో కొంత కట్టి ఒకేసారి తేల్చుకోవడం) తర్వాత బ్యాంకు అకౌంటు, కొత్త అప్పు: అపోహలు – వాస్తవాలు

"సార్, నా సిబిల్‌లో సెటిల్డ్ అని పడింది. ఇంక జన్మలో లోన్ రాదంటగా?"

బ్యాంకు రికవరీ సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న వినని వారం లేదు. రిటైరయ్యాక పెళ్లి భోజనాల బంతిలో కూడా అడుగుతున్నారు. ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ముందు మీ దగ్గరున్న కాగితం చూపించమంటాను. చాలామంది దగ్గర కాగితమే ఉండదు, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అపోహ: అప్పు ఎగ్గొట్టినవాడికి సేవింగ్స్ అకౌంటు కూడా ఇవ్వరు

ఇస్తారు. సేవింగ్స్ అకౌంటుకి కావలసింది కేవైసీ, అంటే ఆధార్, పాన్ లాంటివి. సిబిల్ స్కోరుతో, అంటే పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే అంకెతో పని లేదు. మినిమమ్ బ్యాలెన్స్ భయం ఉంటే బేసిక్ సేవింగ్స్ అకౌంటు అడగండి. జన్‌ధన్ ఖాతాలు ఆ కోవలోవే. ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకునే వీలు) సంగతి వేరు, అది అప్పు కిందకే వస్తుంది.

ఒక్క జాగ్రత్త. బాకీ ఉన్న బ్యాంకులోనే జీతం పడుతుంటే, గడువు దాటిన అప్పు కింద ఆ డబ్బు జమ చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. పొద్దున జీతం పడి, సాయంత్రానికి ఏటీఎంలో సున్నా చూసి కౌంటర్ దగ్గర గొడవపడినవాళ్లను చూశాను. సెటిల్మెంట్ మాటలు నడుస్తున్నప్పుడే జీతం అకౌంటు వేరే బ్యాంకులో తెరుచుకోండి.

అపోహ: సెటిల్ చేసుకున్నాం కాబట్టి లోన్ క్లోజ్ అయినట్టే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మా ఊరికి దగ్గర్లో మొబైల్ షాపు నడిపే ఒకతను 2019లో క్రెడిట్ కార్డు బాకీ 1,38,000 ఉంటే 60,000కి మాట్లాడుకుని కట్టేశాడు. ఇక నన్నెవరూ అడగరనుకున్నాడు. అది నిజమే, ఎవరూ అడగలేదు. 2024లో హోమ్ లోన్‌కి వెళ్తే సిబిల్ రిపోర్టులో ఆ కార్డు ఎదురుగా 'సెటిల్డ్' అని, మిగతా 78,000 బ్యాంకు వదులుకున్నట్టు ఉంది. బాకీ తీరింది గానీ పూర్తిగా కట్టలేదన్న సంగతి అచ్చయి ఉంది. పూర్తిగా కట్టిన అప్పుకి 'క్లోజ్డ్' అని పడుతుంది. లోన్ ఇచ్చేవాడి కళ్లకి ఈ రెండు మాటల మధ్య చాలా దూరం.

అతని కవర్‌లో ఉన్న ఉత్తరం చదివాను. 'మీరు చెల్లించిన 60,000 ముట్టినది' అని ఒక్క వాక్యం. అది రసీదు అవుతుంది గానీ నో డ్యూస్ లెటర్, అంటే ఇక బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే ఉత్తరం కాదు. డబ్బు కట్టకముందే బ్యాంకు లెటర్‌హెడ్ మీద అకౌంటు నంబరు, ఎంత కట్టాలి, ఏ తేదీలోగా, ఇది ఫుల్ అండ్ ఫైనల్ అనే మాట, బ్యాంకు దగ్గరున్న చెక్కులు తిరిగిస్తారా, చెక్ బౌన్స్ కేసు ఉంటే వెనక్కి తీసుకుంటారా అన్నవి రాయించుకోవాలి. ఏజెంటు ఫోన్‌లో "నేను చూసుకుంటా అన్నా" అంటే దానికి విలువ లేదు. అతని యూపీఐకి అసలు పంపొద్దు, లోన్ అకౌంటులోకే కట్టండి.

ఇల్లో పొలమో తనఖా ఉంటే, బాకీ పూర్తిగా కట్టినా సెటిల్ అయినా 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇచ్చేయాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 పరిహారం ఇవ్వాలి. వ్యక్తిగత అప్పులకి 2023 డిసెంబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ఇది.

అపోహ: 12 నెలలు ఆగితే ఆ బ్యాంకే మళ్లీ పిలిచి లోన్ ఇస్తుంది

2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది ఏమిటంటే, రాజీ కుదిరిన అప్పుదారుకి ఆ బ్యాంకు కొత్త అప్పు ఇచ్చే ముందు కనీసం 12 నెలలు ఆగాలి. 'కనీసం' అన్నది గమనించండి. అంతకన్నా ఎక్కువ ఆగాలని బ్యాంకు తన పాలసీలో పెట్టుకోవచ్చు. వ్యవసాయ అప్పులకి ఈ 12 నెలల పట్టు లేదు, ఎంతకాలమన్నది బ్యాంకు బోర్డే నిర్ణయిస్తుంది.

పైగా బ్యాంకు సొంత రికార్డు అంటూ ఒకటి ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కదా, బయట పేరు బోర్డు మారింది కాబట్టి పాత సెటిల్మెంట్ సంగతి ఎవరికి గుర్తుంటుంది అని ఒక పెద్దాయన నాతో ధీమాగా అన్నాడు. మారేది బోర్డే. ఖాతాలు, వాటి లెక్కలు కొత్త బ్యాంకుకి వెళ్తాయి.

అపోహ: ఐపీ పెడితే అప్పులన్నీ పోతాయి, మర్నాటి నుంచి కొత్త జీవితం

మన దగ్గర 'ఫలానావాడు ఐపీ పెట్టాడు' అంటే చేతులెత్తేశాడని అర్థం. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీలకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. మామూలు మనిషికి ఇప్పటికీ పాత చట్టమే.

పిటిషన్ వేయడం ఒక మెట్టు. కోర్టు దివాలాదారుగా ప్రకటించడం రెండోది. డిశ్చార్జ్, అంటే ఆ అప్పుల నుంచి కోర్టు విముక్తి ఇవ్వడం, మూడోది. మన జనం మొదటి మెట్టు మీదే ఆగిపోయి అంతా అయిపోయిందనుకుంటారు. కోర్టు ఇచ్చిన గడువులో డిశ్చార్జ్‌కి దరఖాస్తు చేయకపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది. ఈలోపు కొత్తగా కొన్న ఆస్తి, వారసత్వంగా వచ్చిన ఆస్తి కూడా కోర్టుకో రిసీవర్‌కో (ఆస్తి చూసుకోవడానికి కోర్టు నియమించే మనిషి) చెందుతుంది.

ఆ చట్టంలో నాకు ఎప్పుడూ గుర్తుండిపోయే సెక్షన్ 72. డిశ్చార్జ్ కాని దివాలాదారు, తన పరిస్థితి చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే నేరం. ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. అవును, యాభై రూపాయలే! వందేళ్ల కిందటి అంకె ఇంకా అలాగే ఉంది. కాబట్టి ఐపీ నడుస్తుండగా లోన్ దరఖాస్తులో ఆ సంగతి దాచడం చాలా ప్రమాదం.

ఇంకో రెండు సంగతులు. తనఖా పెట్టిన ఆస్తి జోలికి బ్యాంకు రాకుండా ఐపీ ఆపలేదు. మీకు షూరిటీ సంతకం చేసిన బావమరిది కూడా మీ డిశ్చార్జ్‌తో బయటపడడు. బ్యాంకు అతని దగ్గరికి వెళ్తుంది, అతని సిబిల్ కూడా పాడవుతుంది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు టెన్షన్ మీకే.

అపోహ: 15,000 ఇస్తే సిబిల్ క్లీన్ చేసేస్తారు

కరెంటు స్తంభాల మీద, వాట్సాప్‌లో ఈ ప్రకటనలు చూస్తుంటాం. సిబిల్ గానీ, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ గానీ, అప్పిచ్చినవాడు పంపిన సమాచారాన్నే చూపిస్తాయి. తప్పు పడితే మీరే ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకి 100 పరిహారం ఇవ్వాలి. నిజంగా సెటిల్ చేసుకున్నదాన్ని మాత్రం, మిగతా బాకీ కట్టకుండా ఎవరూ తుడవలేరు. ఏడేళ్లకి దానంతటదే పోతుందన్న మాట కూడా నమ్మొద్దు. నిబంధన చెప్పేది కనీసం ఏడేళ్లు దాచాలని. ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి, ముందు అవి తెప్పించుకోండి.

అపోహ: స్కోరు పెరగాలంటే లోన్ యాప్‌లో చిన్న అప్పు తీసుకుని కట్టాలి

వద్దు. నాలుగు యాప్‌లు నొక్కితే, నాలుగు చోట్ల అప్పు అడిగినట్టు మీ రిపోర్టులో నాలుగు ఎంక్వైరీలు పడతాయి. ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు మేలు. ఎఫ్‌డీయే హామీ కాబట్టి పాత మచ్చను అంతగా పట్టించుకోరు. బంగారం మీద అప్పు కూడా రిపోర్టులో చేరుతుంది, టైముకి కడితే మంచిదే, వేలందాకా వెళ్తే మళ్లీ మొదటికొస్తుంది.

మొబైల్ షాపు అతను అదే చేశాడు. 25,000 ఎఫ్‌డీ పెట్టి 20,000 లిమిట్ కార్డు తీసుకున్నాడు. షాపు కరెంటు బిల్లు దాంతో కట్టి, గడువుకి ముందే మొత్తం తీర్చేసేవాడు. పాత కార్డు బ్యాంకుని వెతుక్కుంటూ వెళ్లి ఆ 78,000 కూడా కట్టి, నో డ్యూస్ తీసుకుని, 'సెటిల్డ్'ని 'క్లోజ్డ్'గా మార్పించుకున్నాడు. ఏడాది దాటాక ఇంకో బ్యాంకులో హోమ్ లోన్ వచ్చింది. వడ్డీ మాత్రం పక్కింటివాళ్లకన్నా అర శాతం ఎక్కువే పడింది.