ప్రాణం దాచుకున్న మాంత్రికుడు: అహోబిలం నుంచి వోల్డెమార్ట్ దాకా

సెలవుల్లో పిల్లలు హ్యారీ పాటర్ నవలలు పట్టుకుంటే కడపలో కొందరు తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది. పసిబిడ్డను చంపడానికి వచ్చి, అడ్డుపడిన తల్లిదండ్రులిద్దరినీ చంపేసిన మాంత్రికుడు వోల్డెమార్ట్ లాంటివాడి కథ పిల్లలకెందుకని అడుగుతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇలాంటివాడు సీమకు కొత్త కాదు.

నల్లమలలోని అహోబిలం మొన్నటిదాకా కర్నూలు జిల్లాలో ఉండేది, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చీల్చింది అక్కడేనని మన నమ్మకం. ఆ అసురుడు మొదట కోరింది చావే లేకుండా ఉండాలని. బ్రహ్మ కుదరదన్నాక మనిషి చేత, మృగం చేత, పగలు, రాత్రి, ఇంట్లో, బయట చావు రాకూడదని మెలికలు పెట్టాడు. తర్వాత కన్నకొడుకునే ఏనుగులతో తొక్కించాడు, పాములతో కరిపించాడు, కొండ మీంచి తోయించాడు. ఈ కథ చెప్పడానికి మనం పిల్లల వయసు చూడం కదా!

బుర్రకథల్లో మాయల ఫకీరు బాలనాగమ్మను ఎత్తుకెళ్లాడు, ఎదురొచ్చినవాళ్లను రాళ్లుగా మార్చాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి బలివ్వాలని చూస్తాడు. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి, నిర్మాత నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. 1947లో చక్రపాణితో కలిసి ‘చందమామ’ను మొదలుపెట్టిందీ నాగిరెడ్డే. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన మాంత్రికుల సీరియల్స్ అందులోనే వచ్చాయి.

1997 నుంచి 2007 దాకా ఏడు భాగాలుగా వచ్చిన హ్యారీ పాటర్‌లో రచయిత్రి రౌలింగ్ ఇంకో అడుగు లోపలికి వెళ్లింది. ఈ కథ మొదలుపెట్టిన కొన్ని నెలలకే, 1990 డిసెంబరులో, ఆమె తల్లి చనిపోయింది. నవలల నిండా చావు గురించిన ఆలోచనే. వోల్డెమార్ట్ అసలు పేరు టామ్ రిడిల్, అనాథాశ్రమంలో పెరిగాడు. అమ్మకు మంత్రశక్తి ఉండి ఉంటే చనిపోయేది కాదని చిన్నప్పుడే అనుకుంటాడు. చావును అవమానంగా చూసే ఆ పిల్లాడే పెద్దయ్యాక ఆత్మను ముక్కలు చేసి డైరీలో, ఉంగరంలో, లాకెట్‌లో, చివరికి పాములో కూడా దాచుకుంటాడు. ముక్క విడగొట్టాలంటే ఒక మనిషిని చంపాలి. చిలకలో ప్రాణం పెట్టడానికి ఫకీరు ఏం చెల్లించాడో మన కథ చెప్పదు. ఇక్కడ ఆ ఖరీదు కళ్లముందే ఉంటుంది. చంపిన కొద్దీ వాడి ముఖంలో మనిషి పోలిక తగ్గిపోతుంది. నన్ను బాగా కదిలించింది ఇదే.

మొదటి మూడు భాగాలూ పదేళ్ల పిల్లలు నిశ్చింతగా చదువుకోవచ్చు. 2000లో వచ్చిన నాలుగో భాగంలో వోల్డెమార్ట్ మళ్లీ శరీరం తెచ్చుకుంటాడు, ఒక విద్యార్థి పాఠకుడి కళ్లెదుటే చనిపోతాడు. అక్కడి నుంచి ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఆ పుస్తకం చదివి, పిల్లలు అడిగినప్పుడు మాట్లాడాలి.