ఇంగ్లిష్ వికీపీడియాలో తెలుగు రాత కనిపిస్తే ఏం చేయాలి? అపోహలు - వాస్తవాలు

కొన్నేళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా ఇంగ్లిష్ వికీపీడియాలో కొత్త పేజీలు తనిఖీ చేస్తుంటాను. అందులో నాకు బాగా ఇష్టమైన పని, వేరే భాషల్లో వచ్చిపడిన రాతల సంగతి చూడటం. తెలుగు, కన్నడ, ఉర్దూ, టాగలోగ్, స్పానిష్, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వీటి గురించి అక్కడ పనిచేసేవాళ్లలోనూ, మనవాళ్లలోనూ కొన్ని తప్పుడు అభిప్రాయాలు పాతుకుపోయాయి. వాటివల్ల మంచి రాతలు పోతున్నాయి, రాసినవాళ్లు నొచ్చుకుని మళ్లీ ఆ వైపు రావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంగ్లిష్ సైటులో తెలుగు రాసేవాళ్లు కావాలని పాడుచేయడానికే వస్తారు.

వాస్తవం: నేను చూసినవాళ్లలో చాలామందికి తాము ఇంగ్లిష్ వికీపీడియాలో ఉన్నామనే తెలియదు. ఫోన్‌లో క్రోమ్ పేజీ మొత్తాన్ని తెలుగులోకి మార్చి చూపిస్తుంది, చూసేవాళ్లకు అది తెలుగు పేజీయే, పైన 'సవరించు' అని కూడా తెలుగులోనే కనిపిస్తుంది, నొక్కి తెలుగులో రాస్తారు. ఇందులో వాళ్ల తప్పేముంది? ఇంకొందరికి 2003 డిసెంబరు నుంచి తెలుగు వికీపీడియా ఒకటి ఉందన్న సంగతే ఎవరూ చెప్పలేదు. ఒకసారి ఒకాయన తన ఊరి గురించి పేజీ పెట్టారు. చెరువు ఎప్పుడు తవ్వారు, తూము ఎక్కడుంది, ఏ వీధిలో ఎవరుండేవాళ్లు, అంతా చక్కటి తెలుగులో. ఆ పేజీకి అప్పటికే ఎవరో 'అర్థంపర్థం లేని రాత, తీసేయండి' అని ట్యాగ్ తగిలించి వెళ్లారు.

నిజానికి అక్కడి నియమమే అలా చేయొద్దంటుంది. అర్థంలేని రాతలను వెంటనే తీసేసే నిబంధన వేరే భాషలో పద్ధతిగా రాసినవాటికి వర్తించదని స్పష్టంగా ఉంది. ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి ఇంకొకరిని తప్పుపట్టను. మొదట్లో రోమన్ అక్షరాల్లో ఉన్న ఒక పేజీని పిచ్చిరాత అనుకుని ట్యాగ్ పెట్టాను, అది టాగలోగ్ అని ఇంకొకరు చెప్పాక రెండు రోజులు మనసు బాగాలేదు.

అపోహ: ఇంగ్లిష్ కాకపోతే వెంటనే తొలగించవచ్చు.

వాస్తవం: ఇంగ్లిష్ కాదన్న కారణంతో ఒక్క సందర్భంలోనే వెంటనే తీసేయవచ్చు, అదే వ్యాసం ఆ భాష వికీపీడియాలోనో వికీపీడియా సోదర సైట్లలోనో (వీటిని వికీమీడియా ప్రాజెక్టులంటారు) అప్పటికే ఉన్నప్పుడు. లేకపోతే దానికి 'ఇంగ్లిష్ కాదు' అనే మూస (ముందే రాసి ఉంచిన గమనిక) పెట్టి, అనువాదం కావాల్సిన పేజీల జాబితాలో చేర్చాలి. రెండు వారాలు చూస్తారు. ఆ లోపు ఎవరూ అనువదించకపోతేనే తొలగింపుకు పెడతారు. రాసినవాళ్లకు కబురు పెట్టడం కూడా ఇందులో భాగమే, అది వాళ్ల భాషలో ఉంటే ఇంకా మంచిది. చాలా భాషల్లో సిద్ధంగా మూసలున్నాయి కానీ నేను మాత్రం సొంతంగా నాలుగు ముక్కలు రాస్తాను, 'మీరు రాసింది చదివానండి, ఇది ఇంగ్లిష్ వికీపీడియా, దీనికి తెలుగు వికీపీడియాలో చోటుంది, ఇదిగో లింకు, అక్కడ ఏ సందేహం ఉన్నా రచ్చబండ అనే చర్చా వేదికలో అడగండి' అని. 'చదివానండి' అన్న మాట చూశాకే చాలామంది తిరిగి జవాబిస్తారు.

అపోహ: గూగుల్ ట్రాన్స్‌లేట్ ఉంది కదా, భాష వచ్చినవాళ్లతో పనేముంది?

వాస్తవం: నాకు టెన్షన్ పెట్టే అపోహ ఇదే. ముందు రాసింది ఏ భాషో తేలాలి. తెలుగు, కన్నడ లిపులు కొత్తవాళ్లకు ఒకేలా కనిపిస్తాయి. దేవనాగరి కనిపించగానే హిందీ అనేస్తారు, అది మరాఠీ కావచ్చు, నేపాలీ కావచ్చు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు, కన్నడకు వేరువేరు వరుసలున్నాయి కాబట్టి ఒక్క అక్షరం తీసి వెతికినా తేలిపోతుంది, ఆ మాత్రం ఓపిక చాలు. మనవాళ్లు రోమన్‌లో 'ఏం చేస్తున్నావ్' అని కొడితే మాత్రం ఆ దారి కూడా ఉండదు, ఒక్కొక్కరి స్పెల్లింగ్ ఒక్కోలా ఉంటుంది.

భాష తేలినా భావం తేలదు. ప్రతి వ్యాసానికీ దాని గురించి మాట్లాడుకోవడానికి ఒక చర్చా పేజీ ఉంటుంది. సినిమావాళ్ల చర్చా పేజీలో ఎవరో 'చంపేశావ్ అన్నా' అని రాస్తే అది మెచ్చుకోలు. మాట మాటకీ అనువాదం చేస్తే హత్య చేశావని నింద వేసినట్టుంటుంది. అలాగే 'ఇరగదీశాడు', 'దుమ్ము దులిపేశాడు'. దీనికి తలకిందులుగా, ఒక పెద్దాయనను పట్టుకుని 'వాడు', 'వీడు', 'నువ్వెవడివి రా' అని రాస్తే ఇంగ్లిష్‌లో 'వాడు', 'ఆయన' రెండూ ఒకే మాట అయిపోయి ఆ తిట్టు మాయమవుతుంది. తిట్టినవాడు మర్యాదస్తుడిలా, మెచ్చుకున్నవాడు నేరస్తుడిలా కనిపిస్తాడు. పదాలు చూసి పట్టుకునే ఫిల్టర్లకూ ఇదే జబ్బు. ఇంగ్లిష్‌లో 'చచ్చిపో' అనే మాట 'die', అదే స్పెల్లింగ్ జర్మన్‌లో మామూలు వ్యాకరణ పదం, వాక్యవాక్యానికీ వస్తుంది. అందుకే యంత్రం ఇచ్చింది చూడండి, కానీ దాని మీద నమ్మకంతో ఎవరినీ బ్లాక్ చేయించొద్దు.

యంత్రానువాదాన్ని అలాగే తెచ్చి వ్యాసంగా పెట్టడం ఇంకా తప్పు. దిద్దని యంత్రానువాదం కన్నా వ్యాసం లేకపోవడమే నయమన్నది ఇంగ్లిష్ వికీపీడియాలో ఎప్పటినుంచో ఉన్న అభిప్రాయం. మనకూ ఆ అనుభవం ఉంది, 2010 ప్రాంతంలో గూగుల్ అనువాద ప్రాజెక్టు ద్వారా తెలుగు వికీలోకి వచ్చిన వ్యాసాల భాషతో అక్కడివాళ్లు చాలాకాలం తంటాలు పడ్డారు. చక్కగా అనువదించినా సరే, మూలం ఏ వికీ నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో (మార్పు భద్రపరిచేటప్పుడు రాసే చిన్న గమనికలో) లింకుతో రాయాలి, రాసినవాళ్ల పేరు పోకూడదు కదా, లైసెన్సు షరతు కూడా అదే.

అపోహ: అర్థం కాకపోతే వదిలేయడమే మర్యాద.

వాస్తవం: కాదు. ఎవరికీ అర్థం కాని చోటే ప్రమాదకరమైనవి ఎక్కువ రోజులు ఉండిపోతాయి. ప్రభుత్వ పథకాల చర్చా పేజీల్లో మనవాళ్లు, అది ఆఫీసు కౌంటరనుకుని, 'సార్ నాకు పింఛను రావడం లేదు' అంటూ పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు రాసేస్తారు. అది చదవగలిగినవాళ్లకు కనిపించేదాకా ప్రపంచమంతా చూసేలా అలాగే పడి ఉంటుంది. చెరిపేస్తే చాలదు, పాత కూర్పులో ఉంటుంది, అందుకే ఆ అధికారం ఉన్నవాళ్లకు ఈమెయిల్ పెట్టి పూర్తిగా దాచేయించాలి, బహిరంగంగా 'ఇక్కడ నంబరుంది చూడండి' అని మాత్రం రాయకూడదు. ఎవరైనా చచ్చిపోతానని రాస్తే, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్‌కు అత్యవసర ఈమెయిల్ చిరునామా వేరే ఉంది, మీ అనువాదం జోడించి వెంటనే పంపండి. నిజమా, ఉత్తుత్తిదా అని తేల్చే పని మనది కాదు.

అపోహ: తెలుగు పత్రికలు, పుస్తకాలు ఇంగ్లిష్ వ్యాసంలో మూలాలుగా చెల్లవు.

వాస్తవం: చెల్లుతాయి. అంతే నాణ్యత గల ఇంగ్లిష్ మూలం దొరికితే దాన్ని ఎంచుకుంటారు, లేకపోతే 'భారతి' సాహిత్య పత్రిక పాత సంచిక అయినా పనికొస్తుంది. ఎవరైనా అభ్యంతరపెడితే ఆ వాక్యాన్ని తెలుగులో ఇచ్చి అనువాదం రాయండి.

అపోహ: మన ఊరి పేరు పక్కన తెలుగు లిపి తీసేశారంటే తెలుగంటే పడక.

వాస్తవం: ఈ కోపంతో నాకు చాలా సందేశాలు వస్తాయి, ఆ బాధ నాకు అర్థమవుతుంది కూడా. కానీ భారతదేశానికి సంబంధించిన వ్యాసాల మొదటి పేరాలో ఏ భారతీయ లిపీ వద్దని అక్కడ నిర్ణయించుకున్నారు, హిందీకీ అదే నియమం. శ్రీకృష్ణదేవరాయల పేరు తెలుగులో రాయాలా, కన్నడలోనా, తుళు మాటేమిటి? బళ్లారికి? హైదరాబాద్‌కు? ఇలాంటి గొడవలు తెగక, చదవలేని లిపిలో ఎవరు ఏం మార్చినా పట్టుకునేవాళ్లు లేక ఆ నిర్ణయానికి వచ్చారు. లిపుల గురించిన వ్యాసాల లాంటివాటికి మినహాయింపుంది. వాడుకరి పేరు మాత్రం తెలుగులో హాయిగా పెట్టుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు.

చర్చా పేజీల్లో ఇద్దరు తెలుగువాళ్లు తెలుగులో మాట్లాడుకోవడం గురించి ఒక్క మాట. నేరమేమీ కాదు, కానీ మూడోవాళ్లు కూడా ఆ చర్చను చదవగలగాలి, కాబట్టి ఇంగ్లిష్‌లో రాయండి, కుదరకపోతే కింద అనువాదం ఇవ్వండి.

ఆ చెరువు వ్యాసం సంగతి చెప్పలేదు కదూ. ట్యాగ్ తీసేసి, అనువాద జాబితాలో పెట్టి, ఆయనకు తెలుగులో రాశాను. ఆరో రోజున జవాబొచ్చింది, 'ఇప్పుడు సరైన చోట పెట్టానా చూడండి' అని తెలుగు వికీపీడియా లింకుతో. తూము ఫోటో కూడా జోడించారు.