ఎవరి పాఠం, ఎవరు మార్చారు

తరగతి గదిలో కంప్యూటరు, ఫోను, సిమ్యులేషన్లు ఎలా వాడాలో టీచర్లకు చెప్పే సామగ్రి తెలుగులో ఇప్పుడు తక్కువేమీ కాదు. వాట్సాప్ గ్రూపుల్లో, పెన్‌డ్రైవుల్లో, శిక్షణ తరగతుల్లో పంచే ఫోల్డర్లలో తిరుగుతూనే ఉంటుంది. అందులో చాలా భాగం ఎక్కడో ఇంగ్లీషులో పుట్టిందని చదువుతుంటేనే తెలిసిపోతుంది. ఉదాహరణల్లో ప్రతి బల్ల మీదా ల్యాప్‌టాప్ ఉంటుంది, కరెంటు ఎప్పుడూ పోదు. మొదట ఎవరు రాశారు, తెలుగు ఎవరు చేశారు, మధ్యలో ఏం తీసేశారు అన్నది మాత్రం కనబడదు. వివరాలున్న మొదటి పేజీని పక్కన పెట్టి మిగతా పీడీఎఫ్ పంపడం తప్పని మన దగ్గర ఎవరికీ అనిపించదు.

ఇలాంటి సామగ్రిలో చాలావాటికి వాడుకునే అనుమతి ముందే ఉంది. ఓపెన్ లైసెన్సు కింద విడుదల చేయడమంటే అదే: దించుకోండి, పంచండి, మీ భాషలోకి మార్చుకోండి, మమ్మల్ని అడగనక్కర్లేదు అని రాసినవాళ్ళే ముందుగా చెప్పేయడం. వ్యాపారానికి వాడొద్దనో, మార్చినదాన్ని కూడా ఇదే లైసెన్సుతో పంచమనో కొన్ని లైసెన్సులు అదనంగా అడుగుతాయి. దాదాపు అన్నీ అడిగేవి రెండు: మూలకర్త పేరు చెప్పాలి, మార్చిన సంగతి చెప్పాలి. మొదటిది అక్కడక్కడా పాటిస్తున్నాం. రెండోది తెలుగులో దాదాపుగా లేదు. టీచరుకు జరిగే అసలు నష్టం ఈ రెండోదాని దగ్గరే ఉందని నా నమ్మకం. ఈ షరతు ఎలా పుట్టిందో, మధ్యలో ఎలా పలచబడిందో, మళ్ళీ ఎలా గట్టిపడిందో చూస్తే దాని విలువ తెలుస్తుంది.

పాఠాలకు ఓపెన్ లైసెన్సు అనే ఆలోచన సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. అమెరికా ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో జీపీఎల్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సు తెచ్చాక, ప్రోగ్రాం కోడును ఎవరైనా మార్చి పంచుకోవచ్చన్న పద్ధతి స్థిరపడింది. అమెరికాలో బోధన సాంకేతికత చదువుతున్న డేవిడ్ వైలీ అనే విద్యార్థి అదే పద్ధతి పాఠాలకు ఎందుకు వర్తించకూడదని అడిగి, 1998లో 'ఓపెన్ కంటెంట్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ మరుసటి ఏడాది వైలీ ప్రాజెక్టు నుంచి ఓపెన్ పబ్లికేషన్ లైసెన్సు వచ్చింది. ఇవాళ దాన్ని ఎవరూ వాడరు గానీ, మార్చినవాళ్ళు ఏం చేయాలో అది చెప్పిన తీరు ఇప్పటికీ చదవదగ్గది. ఇది మార్చిన ప్రతి అని స్పష్టంగా రాయాలి. ఎవరు మార్చారో, ఏ తేదీన మార్చారో చెప్పాలి. మూలకర్త పేరు ఉంచాలి. మార్చని మూలప్రతి ఎక్కడ దొరుకుతుందో చూపాలి. మూలకర్త ఈ మార్పుల్ని ఆమోదించాడన్న భావన కలగనివ్వకూడదు. ఒక టీచరు ఇంకో టీచరు పాఠాన్ని మార్చుకునేటప్పుడు కావలసిన మర్యాదంతా ఈ అయిదు వాక్యాల్లో ఉంది.

2000లో వచ్చిన జీఎన్‌యూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు ఇంకా ముందుకు వెళ్ళింది. ప్రతి మార్పునూ నమోదు చేసే చరిత్ర విభాగం ఉండాలంది. ప్రతి కాపీతోనూ లైసెన్సు మొత్తం పాఠాన్ని జత చేయాలంది. సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ళకు అది సరిపోయింది. రెండు పేజీల కార్యపత్రానికి (వర్క్‌షీటుకు) అంతకన్నా పొడవైన లైసెన్సు తగిలించడం ఏ బడిలోనూ సాధ్యం కాదు. వికీపీడియా ఈ లైసెన్సుతోనే మొదలైంది. 2003లో పుట్టిన తెలుగు వికీపీడియా కూడా 2009 దాకా ఆ నీడలోనే నడిచి, మిగతా వికీపీడియాలతో పాటు క్రియేటివ్ కామన్స్ అనే మరో లైసెన్సుకు మారింది.

పేర్లు పోగుపడితే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్ళు అప్పటికే చూశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన బీఎస్‌డీ సాఫ్ట్‌వేర్‌కు పెట్టిన పాత లైసెన్సు ప్రకారం ప్రకటనల్లో ఫలానావారి కోడు వాడామని రాయాలి. చేయి వేసిన ప్రతివాళ్ళూ తమ పేరుతో ఒక వాక్యం చేర్చుకుంటూ పోయారు. దాని నుంచి పుట్టిన నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం 1997 నాటి ప్రతిలో అలాంటి వాక్యాలు 75 లెక్కపెట్టానని స్టాల్‌మన్ రాశాడు. 1999లో విశ్వవిద్యాలయం ఆ షరతును ఎత్తేసింది. శ్రమకు గుర్తింపు ఇవ్వాలి, కానీ ఆ గుర్తింపే పనికి అడ్డం పడకూడదు. తర్వాత వచ్చిన లైసెన్సులన్నీ ఈ రెండిటి మధ్య తూకం వెతికినవే.

లారెన్స్ లెసిగ్, హాల్ ఏబెల్‌సన్, ఎరిక్ ఎల్డ్రెడ్ కలిసి 2001లో క్రియేటివ్ కామన్స్ స్థాపించారు. మొదటి లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి. మూలకర్త పేరు చెప్పాలన్న షరతు వాటిలో ఐచ్ఛికం. కావాలంటే పెట్టుకోవచ్చు, లేకుంటే లేదు. ఏడాదిన్నర గడిచాక చూస్తే, లైసెన్సు ఎంచుకున్నవాళ్ళలో 97, 98 శాతం మంది పేరు కావాలనే అన్నారు. డబ్బు వద్దన్నవాళ్ళు, మార్చుకోండి అన్నవాళ్ళు కూడా పేరు మాత్రం వదులుకోలేదు. దాంతో 2004 మేలో వచ్చిన రెండో వెర్షన్‌లో ఆ షరతు అన్ని లైసెన్సుల్లోనూ తప్పనిసరి అయింది. పదకొండు రకాలు ఆరుకు తగ్గాయి. ఆ ఆరే ఇప్పటికీ ఉన్నాయి. వైలీ కూడా 2003లోనే తన ఓపెన్ కంటెంట్ ప్రాజెక్టు మూసేసి క్రియేటివ్ కామన్స్‌తో కలిశాడు.

అదే కాలంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల సామగ్రిని ఇంటర్నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించి, మరుసటి ఏడాది మొదలుపెట్టింది. 2002 జూలైలో ప్యారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అన్న పేరు స్థిరపడింది. మనం ఓఈఆర్లు అంటున్నది వీటినే. ఇక్కడ 2007లో ఐఐటీ బాంబేలో క్రియేటివ్ కామన్స్ భారతదేశ లైసెన్సులు విడుదలయ్యాయి. 2013లో ఎన్‌సీఈఆర్‌టీ ఆధ్వర్యంలో పాఠశాల విద్య కోసం జాతీయ ఓఈఆర్ భాండాగారం వచ్చింది.

క్రియేటివ్ కామన్స్ వల్ల లైసెన్సు చిన్నదైంది, గుర్తు ఒకటి పెడితే సరిపోయింది, మామూలు టీచరుకు అందుబాటులోకి వచ్చింది. ఇదంతా మేలే. కానీ ఆ క్లుప్తతలో వైలీ అయిదు వాక్యాల్లోని కొంత బరువు తగ్గింది. అందరి మనసులో నిలిచింది 'పేరు చెప్పండి' అన్న ఒక్క మాటే. ఏం మార్చారన్నది వెనక్కి పోయింది.

పేరు ఒక్కటే ముఖ్యమైతే ఏమవుతుందో చూపిన ఉదంతం అమెరికాలోనే ఉంది. ఫ్లాట్ వరల్డ్ నాలెడ్జ్ అనే ప్రచురణ సంస్థ కాలేజీ పాఠ్యపుస్తకాల్ని ఓపెన్ లైసెన్సుతో ఇచ్చేది. ఇక ఉచితంగా ఇవ్వబోమని 2012 చివర్లో ప్రకటించింది. ఒకసారి ఇచ్చిన ఓపెన్ లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి, అప్పటికే దించుకున్న ప్రతుల్ని ఉచిత కోర్సులు అందించే సేలర్ సంస్థ వంటివాళ్ళు పంచుతూనే వచ్చారు. అయితే ఆ లైసెన్సుల ప్రకారం మూలకర్త తన పేరు తీసేయమంటే తీసేయాలి. అందుకే ఆ పుస్తకాల ముందు పేజీలో, మూలకర్త కోరిక మేరకు పేరు లేకుండా మార్చి ఇస్తున్నామన్న వాక్యం ఉంటుంది. మంచి పుస్తకాలు, వందల పేజీలు, రాసిందెవరో తెలియదు. పేరు లేకపోయినా వాటిని నమ్మి చదవగలగడానికి కారణం, ఎవరు ఏ లైసెన్సు కింద మార్చి ఇస్తున్నారో అందులో నిజాయితీగా రాసి ఉండడమే.

2013 నవంబరులో వచ్చిన క్రియేటివ్ కామన్స్ నాలుగో వెర్షన్ ఈ లోటును చాలావరకు సరిచేసింది. దేశానికో లైసెన్సు అక్కర్లేకుండా అన్నిచోట్లా ఒకటే చెల్లుతుంది. పేరు, లైసెన్సు వివరాలన్నీ ఒక పేజీలో పెట్టి దానికి లింకు ఇచ్చినా చాలు. మరీ ముఖ్యమైనది: మీరు మార్చి ఉంటే మార్చామని చెప్పాలి, అంతకుముందు ఎవరైనా మార్చి ఉంటే ఆ సంగతీ చెరపకుండా ఉంచాలి. అంటే కన్నడంలోకి వచ్చిన పాఠాన్ని తెలుగు చేస్తే, ఇంగ్లీషు మూలంతో పాటు కన్నడం చేసినప్పుడు జరిగిన మార్పుల ప్రస్తావన కూడా మనతో రావాలి. పొరపాటున వివరాలు వదిలేసినవాళ్ళు, తెలిసిన 30 రోజుల్లో దిద్దుకుంటే అనుమతి తిరిగి దానంతటదే వస్తుంది.

ఇదంతా మన శిక్షణ సామగ్రికి ఎందుకు పట్టిందో ఒక్క ఉదాహరణ చాలు. టీచర్లకు ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) నైపుణ్యాలు ఏవేవి ఉండాలో చెప్పే యునెస్కో ప్రమాణాలు మూడుసార్లు వచ్చాయి: 2008, 2011, 2018. 2011 ప్రతిలో మొదటి మెట్టు 'సాంకేతిక అక్షరాస్యత'. 2018లో దాన్ని 'జ్ఞాన సముపార్జన'గా మార్చారు. అది పేరు మార్పు మాత్రమే కాదు. పరికరం నడపడం నుంచి పిల్లలు నేర్చుకునే విషయం వైపు దృష్టి మళ్ళింది. 'యునెస్కో ప్రమాణాల ప్రకారం' అని మాత్రమే రాసి ఊరుకున్న తెలుగు కరపత్రం చేతికొస్తే, అది ఏ ఏటి ప్రతో టీచరు ఎలా తెలుసుకోవాలి? ఎవరో వదిలేసిన పాత మెట్టునే పదేళ్ళ తర్వాత కొత్తగా నేర్పుతుంటాం. మూలంలో తప్పు దిద్దినా మన ప్రతిలో అది అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే వెనక్కి వెళ్ళే దారి మనమే మూసేశాం.

ప్రపంచ బ్యాంకు తన ఓపెన్ లైసెన్సు ప్రచురణల్లో, అనువదించేవాళ్ళు ఒక వాక్యం చేర్చాలని అడుగుతుంది: ఈ అనువాదం బ్యాంకు చేసింది కాదు, దీన్ని అధికారిక అనువాదంగా చూడకూడదు, ఇందులోని తప్పులకు బ్యాంకు బాధ్యత లేదు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ నడిపిన టెస్-ఇండియా ప్రాజెక్టు ఏడు రాష్ట్రాల టీచర్ల కోసం తెచ్చిన పాఠాలకు ఉన్న షరతు మరీ బాగుంటుంది. పాఠాన్ని ఎంతైనా మార్చుకోండి, కానీ మా లోగోలు మార్చని ప్రతుల మీదే, ప్రాజెక్టు లోపలే ఉండాలి. మనం సరిగ్గా దీనికి తిరగేసి చేస్తుంటాం. లోపల అంతా మార్చేసి, పెద్ద సంస్థ లోగో మాత్రం అట్ట మీద ఉంచుతాం. ఆ సంస్థ చెప్పని మాటను దాని నోట పెట్టడమే అది. ఆ ఏడు రాష్ట్రాల్లో మన పొరుగున కర్ణాటక, ఒడిశా ఉన్నాయి, తెలుగు రాష్ట్రాలు లేవు. వాటి తెలుగు రూపం ఎప్పుడైనా ఎవరైనా చేస్తే ఈ షరతు గుర్తుంచుకోవాలి.

తెలుగులో సరైన పని జరగలేదని కాదు. టాటా ట్రస్ట్స్, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఎంఐటీ కలిసి 2015లో మొదలుపెట్టిన క్లిక్స్ కార్యక్రమం తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ నడిచింది. గణితం, సైన్సు, ఇంగ్లీషు మాడ్యూళ్ళు, వాటితో బోధించే టీచర్లకు కోర్సులు ఓఈఆర్లుగా వచ్చాయి, తెలుగులో కూడా. 2017 సంవత్సరానికి విద్యలో ఐసీటీ వినియోగానికి ఇచ్చే యునెస్కో బహుమతి దానికి దక్కింది. కొలరాడో విశ్వవిద్యాలయపు ఫెట్ సిమ్యులేషన్లలో కొన్ని తెలుగులో ఉన్నాయి. అక్కడ అనువాదం మూలానికి అతుక్కునే ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే రాదు. చిక్కు ఆ సిమ్యులేషన్ చుట్టూ మనం తయారు చేసుకునే కార్యపత్రాలతో మొదలవుతుంది.

అలాంటి కార్యపత్రం కింద ఈ మాత్రం రాస్తే చాలు: 'ఇందులో వాడిన సిమ్యులేషన్: సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ, ఫెట్, యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో బౌల్డర్, దాని లైసెన్సు పేరు. ప్రశ్నలు ఫలానా టీచరు ఇంగ్లీషు కార్యపత్రం నుంచి, అదే లైసెన్సు కింద. తెలుగు చేసి, నాలుగో ప్రశ్న తీసేసి, ఇంటి వైరింగు మీద రెండు ప్రశ్నలు చేర్చినవారు: పేరు, బడి, నెల, సంవత్సరం.' దీంతో పాటు రెండు లింకులు. తెలుగు చేసిన టీచరు పేరు ఇందులో ఉండడం నాకు చాలా ముఖ్యం. ఇంగ్లీషు మూలకర్త పేరు పోతే ఎక్కడైనా వెతికి పట్టుకోవచ్చు. జిల్లా స్థాయిలో రాత్రుళ్ళు కూర్చుని అనువదించిన టీచరు పేరు ఒకసారి పోతే ఇక దొరకదు.

చట్టం కూడా ఇందుకు అనుకూలంగానే ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు మరొకరికి రాసిచ్చినా రచయితగా గుర్తింపు కోరే హక్కు రచయితదే. తరగతిలో బోధన కోసం కాపీలు తీసుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోస్టాట్ షాపు కేసులో 2016లో హైకోర్టు దీన్ని విశాలంగానే అన్వయించింది. అమెరికాలోనూ, వ్యాపారానికి వాడొద్దన్న లైసెన్సున్న గణిత పాఠాల్ని బడుల తరఫున ప్రింటు తీసిన షాపు తప్పు చేయలేదని 2018లో అప్పీలు కోర్టు చెప్పింది. కాపీ తీయవచ్చా అన్న భయం ఇలా చాలావరకు తీరింది. మార్చి, అనువదించి, నలుగురికీ పంచడానికి మాత్రం లైసెన్సు కావాలి, దాని షరతులు పాటించాలి.

వసతి కూడా ఉంది. బడి పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన దీక్షా ఆన్‌లైన్ వేదికలో ప్రతి పాఠం కింద లైసెన్సు, రచయిత వివరాలు చూపించే చోటు ఉంది. మరొకరి పాఠం కాపీ చేసి మార్చితే దేని నుంచి వచ్చిందో చూపే ఏర్పాటూ ఉంది. ఆ వివరాల్ని శ్రద్ధగా నింపే అలవాటును శిక్షణలోనే నేర్పాలి. ఐసీటీ శిక్షణ అంటే ప్రొజెక్టరు కలపడం, క్విజ్ తయారు చేయడం అనుకున్నంత కాలం ఇది ఎవరి పాఠ్యాంశమూ కాదు.

ఇంకో పెద్ద చిక్కు టీచర్ల చేతిలో లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు గానీ వాటి లోపలి పేజీలో ఉన్నది ఓపెన్ లైసెన్సు కాదు, సర్వహక్కుల హెచ్చరిక. మన రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ అదే మాట. పేజీ మీది క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే వచ్చే వీడియోకు లైసెన్సు రాసి ఉంటుంది, మార్చుకోవచ్చో లేదో తెలుస్తుంది. ఆ కోడు అచ్చయిన పాఠాన్ని మాత్రం మార్చి పంచడానికి అనుమతి లేదు. పాఠంలోని బొమ్మనో పట్టికనో తీసుకుని డిజిటల్ కార్యపత్రం చేసే టీచరు రోజూ ఈ రెండిటి మధ్యే పని చేస్తోంది. ప్రజల డబ్బుతో తయారైన పుస్తకాలివి. కాపీరైట్ పేజీలో ఒక్క పేరా మార్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది.