స్లీపింగ్ మ్యాట్ కొనేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లోకి ట్రెక్కింగ్‌కి వచ్చేవాళ్ళని వెంటబెట్టుకుని తీసుకెళ్ళడం నా పని. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ. ఈమధ్య జయపురం, పర్లాకిమిడి, బరంపురం తెలుగు కుర్రాళ్ళు కూడా బాగా వస్తున్నారు. బయల్దేరే ముందు అందరి సామానూ ఒకసారి విప్పించి చూస్తాను. మంచి బూట్లుంటాయి, ఖరీదైన జాకెట్ ఉంటుంది, స్లీపింగ్ బ్యాగ్ ఉంటుంది. కింద పరుచుకోవడానికి మాత్రం యోగా మ్యాటో, ఇంట్లో దుప్పటో తెస్తారు. అర్ధరాత్రి దాటాక వణుకుతూ లేచి కూర్చునేది వీళ్ళే. మ్యాట్ గురించి నాకు తరచూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నిజమెంతో రాస్తున్నాను.

అపోహ: స్లీపింగ్ బ్యాగ్ మంచిదైతే కింద ఏది పరిచినా పరవాలేదు.

వాస్తవం: బ్యాగ్‌లో మనల్ని కాపాడేది ఈకల మధ్యో, ఫైబర్ మధ్యో నిలిచిన గాలి. మీరు పడుకోగానే మీ బరువుకి వీపు కింద ఆ గాలంతా పోతుంది. అక్కడ మిగిలేది అణిగిపోయిన పల్చటి పొర. ఇక ఒంట్లో వేడిని నేల నేరుగా లాగేసుకుంటుంది. బ్యాగ్ మీద అచ్చువేసే డిగ్రీల అంకెకి కూడా ఒక షరతు ఉంది. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించేటప్పుడు బొమ్మ మనిషిని బ్యాగ్‌లో పెట్టి, కింద వేడిని బాగా ఆపే మ్యాట్ వేస్తారు. ఆ అంకె బ్యాగ్‌కీ మ్యాట్‌కీ కలిపి వచ్చింది. మ్యాట్ తీసేస్తే సున్నా డిగ్రీల బ్యాగ్ సున్నా డిగ్రీల బ్యాగ్‌గా మిగలదు.

ఈ సంగతి మన కొండ ఊళ్ళలో పెద్దవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. చలికాలం కళ్ళం దగ్గర కాపలా పడుకునేవాళ్ళు ముందు కింద వరిగడ్డి దట్టంగా వేసి, దాని మీద బొంత పరుచుకుంటారు. కప్పుకునే దాని గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

అపోహ: మందంగా ఉన్న ఎయిర్ మ్యాట్ వెచ్చగా ఉంటుంది.

వాస్తవం: నేను ఎక్కువగా వినేదీ, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేదీ ఈ మాట నమ్మే. లోపల ఏమీ లేని గాలి మ్యాట్ పది సెంటీమీటర్ల మందం ఉన్నా చలి ఆపదు. కారణం ఏమిటంటే, లోపలి గాలి కదులుతూ ఉంటుంది. మీ ఒంటి కింద వేడెక్కిన గాలి పక్కకి జరుగుతుంది, నేల పక్కన చల్లబడ్డ గాలి దాని చోటుకి వస్తుంది. రాత్రంతా ఇలా తిరుగుతూ మీ వేడిని నేలకి మోసుకెళ్తుంది. ఈ తిరుగుడుని ఆపడానికే మంచి కంపెనీలు లోపల సింథటిక్ ఫైబరో, ఈకలో నింపుతాయి. లేదంటే మెరిసే పల్చటి ఫిల్మ్‌ని పొరలు పొరలుగా అతికిస్తాయి.

కాబట్టి మందం పక్కనపెట్టి ఆర్-వాల్యూ చూడండి. వేడి దాటిపోకుండా మ్యాట్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె ఇది. పూర్వం ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కొలిచి తనకి నచ్చిన అంకె వేసుకునేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చింది. ఒక పక్క వేడి పలక, ఇంకో పక్క చల్లటి పలక పెట్టి, మధ్యలో మ్యాట్ ఉంచి, వేడి పలకని అదే వేడిలో నిలపడానికి ఎంత కరెంటు పడుతుందో కొలుస్తారు. ఈ పరీక్ష పేరు రాసి ఉన్న మ్యాట్లనే ఒకదానితో ఒకటి పోల్చండి. పరీక్ష ఊసు లేకుండా ‘మైనస్ పది డిగ్రీల వరకు’ అని మాత్రమే రాస్తే నేను ఆ మ్యాట్ కొనను.

అంకె ఎలా పనిచేస్తుందో లెక్క చూడండి. ఒంటికీ నేలకీ మధ్య 25 డిగ్రీల తేడా ఉందనుకుందాం. ఆర్-వాల్యూ 1 ఉన్న మ్యాట్ గుండా చదరపు మీటరుకి సుమారు 140 వాట్ల వేడి పోతుంది. అదే 4 ఉంటే సుమారు 35 వాట్లు. మనిషి వీపు అంత చోటు ఆక్రమించడు, నిజమే. కానీ నిద్రలో ఒళ్ళంతా కలిపి పుట్టించే వేడి 70, 80 వాట్లకి మించదు. అందులో సగానికి పైగా నేలకే పోతే ఇక వణుకు రాక ఏం చేస్తుంది?

బరువు విషయానికొద్దాం. థర్మారెస్ట్ వాళ్ళ జీ లైట్ సోల్ అనే మడత ఫోమ్ మ్యాట్ 2 సెంటీమీటర్ల మందం, 410 గ్రాములు, ఆర్-వాల్యూ 2. అదే కంపెనీ గాలి మ్యాట్ నియోఎయిర్ ఎక్స్‌లైట్ ఎన్ఎక్స్‌టీ సుమారు 370 గ్రాములే, ఆర్-వాల్యూ మాత్రం 4.5. తేడా ధరలో తెలుస్తుంది.

అపోహ: దేవమాలి, పొట్టంగి కొండలకి ఇవన్నీ ఎందుకు? హిమాలయాలకి కదా కావాలి.

వాస్తవం: మంచు మీద పడుకునేందుకు కావలసినంత ఇక్కడ అవసరం లేదు, అది నిజం. కానీ దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. డిసెంబరు, జనవరిలో సెమిలిగుడ, పొట్టంగి వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. పైగా ఆకాశం తేటగా ఉన్న రాత్రి చల్లగాలి జారి లోయ అడుగున చేరుతుంది. వాగు పక్కన చదునుగా, అందంగా కనబడే చోటు కన్నా కాస్త పైన వాలు మీద వెచ్చగా ఉంటుంది. వర్షాలు వెళ్ళిన వెంటనే, అక్టోబరులో, నేల ఇంకా తడిగా ఉంటుంది. తడి నేల పొడి నేల కన్నా వేడిని త్వరగా లాగుతుంది.

నా లెక్క ఇది: ఫిబ్రవరి దాటాక ఫోమ్ మ్యాట్ ఒక్కటే చాలు. నవంబరు నుంచి జనవరి వరకు ఆర్-వాల్యూ 3 దరిదాపుల్లో ఉండాలి. చలి త్వరగా తగిలేవాళ్ళు 4 తీసుకోండి. శీతాకాలంలో కేదార్‌కాంఠ లాంటి మంచు ట్రెక్కులు కూడా చేసే ఉద్దేశం ఉంటే ముందే 5 కొనండి, లేదా ఉన్న మ్యాట్ కింద ఫోమ్ వేయండి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్-వాల్యూలు కూడతాయి. 2, 3 కలిస్తే 5. ఒక్క ఖరీదైన మ్యాట్ మీద 15 వేలు పెట్టలేని విద్యార్థులకి నేను చెప్పే దారి ఇదే.

అపోహ: వెండిరంగు షీట్ ఒకటి పరిస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. మెరిసే పొర వేడిని వెనక్కి పంపాలంటే దాని ముందు ఖాళీ ఉండాలి. నేలకీ మీకూ మధ్య నలిగిపోయిన షీట్ వేడిని ఆపలేదు. తడి ఆపుతుంది, అంతవరకే.

అపోహ: తేలిక మ్యాట్ అంటే మన ముళ్ళకి ఒక్క రాత్రి కూడా నిలవదు.

వాస్తవం: భయం అర్థంలేనిది కాదు. లాంటానా ముల్లు, కోసిన వెదురు మొన, చోడి కోతలయ్యాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్ళు... మన వైపు టెంటు వేసే చోట్లన్నీ ఇవే. 20 డెనియర్ గుడ్డ 40 డెనియర్ కన్నా పల్చన. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. కానీ మ్యాట్లు చిల్లులు పడేది ఎక్కువగా చోటు శుభ్రం చేయకపోవడం వల్ల. టెంటు పరిచేముందు మోకాళ్ళ మీద కూర్చుని, నేలంతా అరచేత్తో తడిమి చూడండి. కంటికి కనబడని మొన చేతికి తగులుతుంది. ఆ తర్వాత గ్రౌండ్‌షీట్, దాని మీద టెంటు, టెంటు లోపల పల్చటి ఫోమ్, పైన గాలి మ్యాట్. ఇలా వేస్తే 20 డెనియర్ కూడా ఏళ్ళ తరబడి వస్తుంది.

అయినా చిల్లు పడిందా? మ్యాట్‌ని గట్టిగా ఊది, వాగు నీళ్ళలో ఒక్కో భాగాన్ని ముంచి నిదానంగా నొక్కండి. సన్నటి బుడగలు వరసగా ఒకే చోటు నుంచి వస్తాయి. వెంటనే పెన్నుతో చుట్టూ గీయండి, నీళ్ళలోంచి తీశాక ఆ చోటు మళ్ళీ కనబడదు. పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడిచి అతుకు వేయండి. సామానులో ఎంత బరువు తగ్గించినా రిపేర్ కిట్ మాత్రం తీసేయకండి.

అపోహ: తెల్లారేసరికి మెత్తబడితే లీకే.

వాస్తవం: సాయంత్రం 27 డిగ్రీలున్న గాలి తెల్లవారుజామున 9 డిగ్రీలకి చల్లారితే సుమారు 6 శాతం కుంచించుకుపోతుంది. అంతకి దుకాణంవాడితో గొడవ పెట్టుకోవద్దు. పడుకునే ముందు, గాలి చల్లబడ్డాక, ఇంకాస్త గాలి ఎక్కించండి. ఇంట్లో ఒకే ఉష్ణోగ్రత ఉన్న గదిలో రాత్రంతా పైన బరువు పెట్టి ఉంచినా మెత్తబడితే అప్పుడు లీకని నమ్మండి.

అపోహ: రాయిలా ఊదితేనే బాగుంటుంది.

వాస్తవం: పక్కకి తిరిగి పడుకుని, తుంటి కింద చెయ్యి పెట్టి చూడండి. తుంటి నేలకి తగలకూడదు. అంత గాలి ఉంటే చాలు, మిగతాది మెల్లగా వదిలేయండి. గట్టిగా బిగిస్తే లోపలి అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. ఊదిన మ్యాట్‌ని మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే గాలి వ్యాకోచించి అతుకులు ఊడతాయి. గడ్డలా ఉబ్బిందంటే దాన్ని మనం బాగు చేయలేం.

ఊదడానికి నోరు వాడకండి. ఊపిరిలో తేమ ఉంటుంది. అది లోపలి ఫైబర్‌లో, ఈకల్లో చేరి ఆరదు, బూజు పడుతుంది. పంప్ శాక్ అనే సంచి కొద్ది గ్రాములే ఉంటుంది. కొన్ని మ్యాట్లకి దాన్నే కవరుగా కూడా వాడుకోవచ్చు.

ఇంటికొచ్చాక మ్యాట్ తుడిచి, నీడలో ఆరబెట్టండి. చుట్టి అటక మీద పడేయకుండా వాల్వ్ తెరిచి మంచం కింద పరిచి ఉంచండి. లోపల ఫోమ్ ఉండి, వాల్వ్ తెరిస్తే తనంతట తానే గాలి పీల్చుకునే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ రకానికి ఇది మరీ ముఖ్యం. నెలల తరబడి నలిగి ఉంటే ఫోమ్ మళ్ళీ పూర్తిగా లేవదు.