ఐసు చేప వద్దా? అపోహలు - వాస్తవాలు

అంతర్వేది చూసుకుని తిరిగెళ్తూ మా హోటల్లో ఆగేవాళ్ళు ఇంకా కూర్చోకుండానే అనే మాట ఒకటుంది. "బాబాయ్‌గారూ, ఐసు చేపైతే వద్దండి, ఇవాళ పట్టిందైతేనే పెట్టండి."

అపోహ: ఐసు చేపంటే పాత చేప.

వాస్తవం: సముద్రంలోకి వెళ్ళిన పెద్ద బోటు రోజుల తరబడి ఒడ్డుకు రాదు, అందుకే బయల్దేరేటప్పుడే ఐసు ఎక్కించుకుంటుంది. చేప చచ్చినప్పటి నుంచే చెడటం మొదలవుతుంది. ఐసు దాన్ని ఆపలేదు గానీ బాగా నెమ్మదిస్తుంది. పొద్దుటి నుంచి ఎండలో గంపలో తిప్పిన "తాజా" చేప కన్నా, పట్టగానే ఐసులో పడి రెండు రోజులైన చేప ఎంతో నయం. మీరు మరీ పట్టుబడితే అమ్మేవాడు ఐసు దులిపేసి అదే చేప చూపిస్తాడు, అంతే.

కానాగంతలు, ట్యూనా లాంటివైతే మరీ జాగ్రత్త. వేడికి వదిలేస్తే వాటి కండలో హిస్టమిన్ అనే, అలర్జీలా దురద పుట్టించే పదార్థం పుడుతుంది, ఉడికించినా, కారం దట్టించి వేపినా అది పోదు. ఒక మే నెలలో చవగ్గా వచ్చాయని ఐసు లేని కానాగంతలు నేనే కొన్నాను. చెడు వాసనేమీ లేదు. నయం, ముందు వంటవాళ్ళమే తిన్నాం. గంట తిరక్కుండా మొహాలు ఎర్రబడి ఒకటే దురద, తలనొప్పి. మా కుర్రాడొకడు తనకు చేపలు పడవనుకుని మూడేళ్ళు ముట్టలేదు పాపం, తప్పు నాదైతే.

చంటిపిల్లలతో వచ్చినవాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. వండక ముందు చేప చూపించమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా ఉండాలి, నొక్కితే గుంట నిలవకూడదు. కానాగంతలకు ఇదీ చాలదు, చుట్టూ ఐసు ఉందో లేదో చూడండి. ఐసంతా కరిగి ఆ నీళ్ళలో చేప తేలుతుంటే లేచి వచ్చేయండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. చేప తిన్నాక పెరుగు తింటే బొల్లి రాదు, ఇంక ఆ మాట వదిలేయండి. పులస గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లోనే, జనవరిలో ఎవరైనా వడ్డిస్తే దాచిందో, విలసో (అదే జాతి, సముద్రంలో పట్టింది) అయ్యుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, వేసవి సెలవుల్లో వచ్చి "రాత్రి పట్టిన వంజరం" అడిగితే నేనెక్కడ తేను? చెరువు పండుగప్ప తినండి, దానికేం తక్కువ?

రొయ్య పడనివాళ్ళకు "బాగా ఉడికిందండీ, ఏం కాదు" అంటే మాత్రం నమ్మొద్దు, ఉడికిస్తే ఆ అలర్జీ పోదు. మా దగ్గర చేపా రొయ్యా ఒకే నూనెలో వేపుతాం, కూర్చోగానే చెప్పండి, మీకు వేరే మూకుడు పెట్టిస్తాను.