షుగర్ పరీక్ష: కొన్ని అపోహలు, అసలు సంగతులు

అపోహ: ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, నాకు షుగర్ ఎందుకుంటుంది?

నేను రోజూ వినే మాట ఇది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. టైప్ 2 మధుమేహం చడీచప్పుడు లేకుండా ముదురుతుంది. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే, క్లోమగ్రంథి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అది అలసిపోయాకే రక్తంలో చక్కెర పెరుగుతుంది. అతి దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం ఆ తర్వాతెప్పుడో వస్తాయి. షుగర్ ఉందని తెలిసిన రోజే కంటి రెటీనాలో మార్పులు కనిపించేవాళ్లుంటారు. ఆ రిపోర్టు చేతికిచ్చి చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

అందుకే ఏ లక్షణమూ లేకపోయినా 35 ఏళ్లు వచ్చాక పరీక్ష చేయించుకోవాలి. అధిక బరువుతో పాటు అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా షుగర్ ఉన్నా, మీకు బీపీ ఉన్నా అంతకంటే ముందే. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లులు కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల్లో తప్పనిసరిగా చూపించుకోవాలి. పాప పనిలో పడి దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: పరగడుపు షుగర్ నార్మల్ వస్తే చాలు.

చాలదు. కొందరికి పరగడుపున బాగానే ఉండి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 (డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు) దాటుతుంది. పరగడుపున 126, రెండు గంటల తర్వాత 200, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 6.5 శాతం: వీటిలో ఏది వచ్చినా, అంతకు మించినా మధుమేహమే. కానీ లక్షణాలు లేనివారికి ఒక్క రిపోర్టుతో తేల్చేయకూడదు, రెండో ఫలితం కూడా అదే చెప్పాలి.

రెండు రోజులు స్వీట్లు మానేసి, ముందురోజు రాత్రి భోజనం కూడా మానేసి వచ్చేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు కాబట్టి దాన్ని రెండు రోజుల్లో మార్చలేరు. గ్లూకోజ్ తాగే పరీక్షకు ముందు తిండి బాగా తగ్గిస్తే, లేని షుగర్ ఉన్నట్టు చూపించే ప్రమాదం కూడా ఉంది.

హెచ్‌బీఏ1సీ కూడా అందరికీ సరిపోదు. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే ఎక్కువ చూపించవచ్చు, ఈమధ్యే రక్తం ఎక్కించుకుంటే తప్పుదారి పట్టించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

అపోహ: ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది, ల్యాబ్ ఎందుకు?

ఉన్న షుగర్‌ను గమనించుకోవడానికి అది మంచి సాధనం. జబ్బు ఉందో లేదో తేల్చడానికి మాత్రం ల్యాబ్ పరీక్షే కావాలి.

అపోహ: బోర్డర్‌లైన్ అంటే భయం లేదు.

పరగడుపున 100 నుంచి 125, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే అది ప్రీడయాబెటిస్. నిజానికి మనం గట్టిగా పట్టుకోవాల్సిన దశ ఇదే. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. ఈ దశలో ఉన్నవారు ఏడాదికోసారి, అన్నీ నార్మల్ వచ్చినవారు కనీసం మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.