ఉప్పా, బ్యాటరీలా? సియెర్రా లియోన్‌లో యుద్ధం తర్వాతి సాయం కథ

2009లో పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్ పల్లెలకు సర్వే వాళ్లు వెళ్లారు. మీ టైం తీసుకుంటున్నాం కాబట్టి ఊరికి చిన్న కానుక ఇస్తాం, ఉప్పు కావాలా టార్చిలైటు బ్యాటరీలు కావాలా మీరే తేల్చుకోండి అని చెప్పి పక్కకు జరిగి నిలబడ్డారు. ఊరు ఏది తీసుకుంటుందన్నది వాళ్లకు ముఖ్యం కాదు. ఎవరు మాట్లాడారు, ఆడవాళ్లు నోరు విప్పారా, కుర్రాళ్ల మాట ఎవరైనా విన్నారా, చేతులెత్తించి లెక్కపెట్టారా లేక పెద్దమనుషులు నలుగురు చెట్టుకిందికి వెళ్లి మాట్లాడుకుని వచ్చి "ఉప్పు" అని చెప్పేశారా, ఇవన్నీ పుస్తకంలో రాసుకున్నారు. నాలుగేళ్లుగా నడిచిన ఒక సాయం పథకం ఊరిని నిజంగా మార్చిందా లేదా అన్నదానికి అదొక పరీక్ష. యుద్ధం తర్వాత వచ్చే సాయం గురించి నేను చదివిన వాటిలో ఇంత సూటైన పరీక్ష ఇంకోటి లేదు, అందుకే దీని వెనకున్న కథ మొదటినుంచీ చెప్పాలనిపించింది.

సియెర్రా లియోన్ యుద్ధం అనగానే చాలామందికి వజ్రాలే గుర్తొస్తాయి. 1991 మార్చిలో ఫోడే సంకో నాయకత్వంలో ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదారులు లైబీరియా సరిహద్దు దాటి లోపలికి రావడంతో మొదలై 2002 జనవరి దాకా సాగింది. సుమారు 50,000 మంది చనిపోయారని అంచనా, దేశంలో దాదాపు సగం మంది ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయారు. వజ్రాలు ఆ మంటకు కట్టెలు అందించిన మాట నిజమే, కానీ 2004లో వచ్చిన సత్యశోధన, సయోధ్య కమిషన్ నివేదిక అసలు కారణం అది కాదని చెప్పింది. ఏళ్ల తరబడి సాగిన అవినీతి, బంధుప్రీతి, అధికారమంతా రాజధాని ఫ్రీటౌన్‌లో పోగుపడటం, యువతకు ఎక్కడా చోటు లేకపోవడం, ఇవీ అది చూపించిన కారణాలు.

ఇక్కడ పల్లెల సంగతి కాస్త తెలియాలి. అక్కడ ఊళ్లను ఏలేది పారమౌంట్ చీఫ్‌లు, వాళ్ల కింద సెక్షన్ చీఫ్‌లు, ఊరి చీఫ్‌లు. పారమౌంట్ చీఫ్ కావాలంటే పాలక కుటుంబంలో పుట్టాలి, ఒకసారి ఎన్నికైతే చచ్చేదాకా పదవే. భూమి వాళ్ల చేతిలో, తగువులు తీర్చేది వాళ్లే, జరిమానా వేసేదీ వాళ్లే. పెళ్లికి డబ్బుల్లేని కుర్రాడు ఎవరి భార్యతోనో మాట్లాడాడని జరిమానా, అది కట్టలేకపోతే చీఫ్ పొలంలో వెట్టి. ఇలాంటి కోపాలు కడుపులో పెట్టుకుని ఊరొదిలిపోయిన కుర్రాళ్లు తిరుగుబాటు సేనల్లో తేలారని ఆ దేశాన్ని ఏళ్లపాటు చదివిన పరిశోధకులు రాశారు (బలవంతంగా ఎత్తుకుపోయిన పిల్లలు కూడా వేలల్లో ఉన్నారు, అది మరిచిపోకూడదు). దీనికితోడు 1972లో సియాకా స్టీవెన్స్ ప్రభుత్వం జిల్లా కౌన్సిళ్లను రద్దు చేసింది. 2004లో స్థానిక ప్రభుత్వ చట్టం వచ్చేదాకా, అంటే 32 ఏళ్లు, పల్లెవాడు అడగడానికి చీఫ్ తప్ప ఇంకో గడప లేదు.

కాబట్టి యుద్ధం ఆగాక సాయం పట్టుకుని వచ్చినవాళ్లు కాలిపోయిన బడి మళ్లీ కడితే సరిపోదు, ఊళ్లో మాట చెల్లని వాళ్లకు మాట చెల్లేలా చేయాలి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది అనుకున్నారు. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు, నేనైనా అలాగే అనుకునేవాణ్ని.

దానికి ఆ రోజుల్లో ప్రపంచ బ్యాంకు దగ్గర ఒక మార్గం తయారుగా ఉంది. డబ్బు నేరుగా ఊరికే ఇవ్వడం, ఏం చేయాలో ఊరినే తేల్చుకోమనడం, అయితే కమిటీలో ఆడవాళ్లు, యువకులు ఉండి తీరాలని షరతు పెట్టడం. 1998లో ఇండోనేషియాలో పెద్ద ఎత్తున మొదలై దేశదేశాలకు పాకింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో 6 జిల్లాల్లో మొదలైన వెలుగు పథకం కూడా ప్రపంచ బ్యాంకు అప్పుతో, ఇదే తరహా నమ్మకంతో వచ్చిందే. అయితే మన దగ్గర మహిళా సంఘాలు వారం వారం కూర్చున్నాయి, పొదుపు చేశాయి, బ్యాంకు లింకేజీ దొరికింది, ఏళ్లకు ఏళ్లు ఆ పని ఆగలేదు. సియెర్రా లియోన్‌లో దొరికింది నాలుగేళ్లు.

ఆ పథకం పేరు గోబిఫో. అక్కడి క్రియో భాషలో "ముందుకు సాగడం" అని అర్థం. రెండు జిల్లాలు ఎంచుకున్నారు, ఉత్తరాన బొంబాలి, దక్షిణాన సముద్రం ఒడ్డున బోంతే. ఇద్దరిదీ వేరే భాష, వేరే పార్టీ, అందుకే ఆ రెండూ. 236 ఊళ్లు తీసుకుని లాటరీ పద్ధతిలో 118 ఊళ్లకు సాయం ఇచ్చారు, మిగతా 118 ఊళ్లకు ఇవ్వలేదు. ఎవరు ముందు అడిగితే వాళ్లకో, ఎమ్మెల్యేకి దగ్గరైన ఊరికో ఇచ్చి ఉంటే తర్వాత పోల్చి చూడటం కుదిరేది కాదు. ఒక్కో ఊరికి 4,667 డాలర్లు, ఇంటికి లెక్కేస్తే సుమారు 100 డాలర్లు, పేదవాళ్ల ఊళ్లో అది చిన్న మొత్తం కాదు. డబ్బుతో పాటు ఫెసిలిటేటర్లు, అంటే ఊరిని కూర్చోబెట్టి పని నడిపించే పథకం కార్యకర్తలు, నెలల తరబడి ఊళ్లకు తిరిగారు, కమిటీలు వేయించారు, ప్లాన్లు రాయించారు, ఊరి బ్యాంకు ఖాతాకు సంతకం పెట్టే ముగ్గురిలో ఒకరు ఆడమనిషి కావాలన్నారు. ఊళ్లు ఆ డబ్బుతో కమ్యూనిటీ హాళ్లు, ధాన్యం ఆరబోసే కళ్లాలు, మరుగుదొడ్లు కట్టుకున్నాయి, విత్తనాలు, మేకలు కొనుక్కున్నాయి.

కొలవడానికి దిగినవాళ్లు కేథరీన్ కేసీ, రేచెల్ గ్లెనర్‌స్టర్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్తలు. వీళ్లు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది బయటికి చాలా చప్పగా కనిపించే పని: పథకం వల్ల ఏమేం మారుతుందని ఆశిస్తున్నామో, దాన్ని దేనితో కొలుస్తామో ముందే కాగితం మీద పెట్టేశారు. 2005లోనే పథకం నడిపేవాళ్లతో కూర్చుని ఒప్పుకున్నారు, 2009లో కొత్త లెక్కలు విప్పకముందే పూర్తి ప్లాను రాసి నమోదు చేశారు. ఎందుకంత పట్టుదల అంటే, వందల ప్రశ్నలు అడిగిన సర్వేలో ఎప్పుడూ కొన్ని పైకి కనిపిస్తాయి, కొన్ని కిందికి. ఆ తర్వాత తీరిగ్గా ఏరుకుంటే కావలసిన కథ చెప్పొచ్చు. వీళ్లు తమ లెక్కలతోనే అది చేసి చూపించారు. కొన్ని ప్రశ్నలు ఏరుకుంటే గోబిఫో ఊరి వ్యవస్థను బాగుచేసింది అని తేలుతుంది, ఇంకొన్ని ఏరుకుంటే పాడుచేసింది అని తేలుతుంది. రెండూ అబద్ధమే. సాయం నివేదికలు చదివేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు అనిపిస్తుంది నాకు, ఎందుకంటే పథకం ముగింపు రోజున వచ్చే నివేదికల్లో చాలావాటికి ఈ ముందస్తు కాగితం ఉండదు.

మామూలుగా మనుషుల్ని అడిగితే "అవును, ఇప్పుడు ఆడవాళ్లు కూడా మాట్లాడుతున్నారు" అనే చెబుతారు, ఏళ్ల తరబడి మీటింగుల్లో విన్న మాట అది, పైగా డబ్బిచ్చిన వాళ్ల ముందు ఇంకోలా ఎలా చెబుతారు. అందుకే అడగడం మానేసి చూడటం మొదలుపెట్టారు. ఉప్పు, బ్యాటరీల పరీక్ష అందులో ఒకటి. రెండోది ఇల్లు, కట్టడాల సామాను కొట్టులో చెల్లే కూపన్లు. ఊరు తన వాటా డబ్బు కలిపితేనే అవి చెల్లుతాయి, జన్మభూమి రోజుల్లో ఊరి వాటా అనేవాళ్లు కదా, అలాంటిదే. మూడోది ఒక పెద్ద టార్పాలిన్ పట్టా. మన దగ్గర వడ్లు ఆరబోసుకునేది, వానొస్తే పరిగెత్తి కప్పేది, అదే. ఊరందరికీ అని ఇచ్చి వెళ్లిపోయారు, కొన్ని నెలల తర్వాత చెప్పకుండా మళ్లీ వెళ్లి ఆ పట్టా ఎక్కడుంది, ఎవరు వాడుతున్నారు, అందరి పనికీ వాడుతున్నారా లేక ఎవరింటి కప్పు మీదికైనా చేరిందా అని చూశారు.

సాయం అందిన ఊళ్లలో కట్టడాలు ఎక్కువ, వాటి నాణ్యతా మెరుగు, చిన్న వ్యాపారులు ఎక్కువ, కొట్టులో దొరికే సరుకులూ ఎక్కువ, ఇళ్లలో సామానూ కాస్త పెరిగింది. డబ్బు చేరాల్సిన చోటికి చేరింది, మధ్యలో ఎవరూ తినేయలేదు. అంత యుద్ధం చూసిన దేశంలో ఇది మామూలు సంగతి కాదు. కానీ ఉప్పు, బ్యాటరీల దగ్గర తేడా లేదు. కూపన్ల దగ్గర తేడా లేదు, రెండు రకాల ఊళ్లలోనూ సుమారు సగం ఊళ్లే వాటిని వాడుకోగలిగాయి. టార్పాలిన్ దగ్గరా లేదు. పథకం డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు ఆడవాళ్లు కమిటీలో కూర్చున్నారు, సంతకాలు పెట్టారు, ఆ డబ్బు కాని ఇంకో నిర్ణయం ఊరి ముందుకొచ్చేసరికి మళ్లీ పాత వాళ్లే తేల్చేశారు.

ఇది ఒక్క దేశం కథ కాదు. కాంగో తూర్పున తువుంగానే అనే పథకం 1,250 ఊళ్లలో నడిచింది, దాన్ని పరీక్షించడానికి కొన్ని ఊళ్లకు షరతుల్లేకుండా 1,000 డాలర్లు ఇచ్చి ఎలా ఖర్చుపెడతారో చూశారు, పథకం నడిచిన ఊళ్లకూ నడవని ఊళ్లకూ పాలనలో తేడా కనిపించలేదు. అఫ్ఘానిస్తాన్‌లో 500 ఊళ్ల అధ్యయనం కూడా 2013లో ఇంచుమించు అదే చెప్పింది, ఆడవాళ్ల విషయంలో మాత్రం కొంత మార్పు చూపించింది. లైబీరియాలో లోఫా కౌంటీలో ఊరంతా కలిసి డబ్బు వేసుకోవడం కాస్త పెరిగింది. అక్కడక్కడా చిన్న వెలుగులున్నాయి, అంతే.

చాలా అధ్యయనాలు ఇక్కడితో ఆగిపోతాయి. గోబిఫోను కొలిచినవాళ్లు ఆగలేదు, మార్టెన్ వూర్స్ అనే ఇంకో పరిశోధకుడు తోడయ్యాడు, పథకం మొదలైన 11 ఏళ్లకు అవే ఊళ్లకు మళ్లీ వెళ్లారు. మధ్యలో 2014లో ఎబోలా వచ్చింది, ఆ దేశంలో దాదాపు 4,000 మందిని పొట్టన పెట్టుకుంది, ఊళ్లకు ఊళ్లు క్వారంటైన్‌లో ఉన్నాయి. అయినా గోబిఫో ఊళ్లలో కట్టడాలు, సంతల సందడి పక్క ఊళ్లకంటే ఇంకా గట్టిగానే నిలబడి ఉన్నాయి. నేనైతే అది ఊహించలేదు, చిన్న గ్రాంట్లతో కట్టినవి పదేళ్లు తిరిగేసరికి గోడలు కూలి ముళ్లకంప పెరిగి ఉంటుందనే అనుకుంటాం. ఊరి తీరులో కూడా కొంచెం మెరుగు కనిపించింది, కొంచెమే. ఎబోలాను ఎదుర్కోవడంలో ఆ ఊళ్లు కాస్త నయమనడానికి లీలగా ఆధారం దొరికింది, అంతకుమించి గట్టిగా చెప్పలేమని వాళ్లే రాశారు.

అదే దేశంలో, ఇదే బృందం ఇంకోటి పరీక్షించింది. ఊళ్ల మధ్య అభివృద్ధి డబ్బు కోసం నిజమైన పోటీ పెట్టారు, కొన్ని ఊళ్లలో ప్రతిపాదన పని చీఫ్ ఎప్పటిలాగే నడిపించాడు, కొన్ని ఊళ్లలో ఒక చిన్న పరీక్ష పెట్టి లెక్కలు, చదువు, నిర్వహణ తెలిసినవాణ్ని పట్టుకుని పని అప్పగించారు. వాళ్లు తయారుచేసిన ప్రతిపాదనలు చీఫ్‌లవాటికంటే, గోబిఫో కమిటీలు నడిచిన ఊళ్లవాటికంటే బాగున్నాయి. ఆలోచించండి, ఆ తెలివైన మనిషి ఇన్నేళ్లూ ఆ ఊళ్లోనే ఉన్నాడు, ఎవరూ పిలవలేదు.

సాయం అంటే డబ్బొక్కటే కాదు కాబట్టి ఒక సంగతి చెప్పి తీరాలి. ఫంబుల్ టోక్ అనే స్థానిక సంస్థ యుద్ధంలో హింసించినవాళ్లనూ హింస పడ్డవాళ్లనూ ఊరి మధ్యలో మంట చుట్టూ కూర్చోబెట్టి, జరిగింది చెప్పించి, క్షమాపణ అడిగించింది. 200 ఊళ్లలో దీన్ని కొలిచిన అధ్యయనం 2016లో వచ్చింది. క్షమించడం పెరిగింది, ఊళ్లో ఒకరికొకరు సాయపడటం పెరిగింది. కానీ అలా మాట్లాడిన ఊళ్లలో దిగులు, ఆందోళన, పీడకలల బాధ కూడా పెరిగాయి, దాదాపు మూడేళ్ల దాకా తగ్గలేదు. ఊరికి మేలు జరిగింది, దాని ఖర్చు గాయపడ్డ మనుషుల గుండెల మీద పడింది. మంట చుట్టూ కూర్చోబెట్టినవాళ్లు ఆ మర్నాడు, ఆ మరుసటేడు వాళ్ల దగ్గర ఎవరైనా ఉండేలా చూడాల్సింది.

చివరిగా, గోబిఫో 11 ఏళ్ల ఫలితాలు బయటపెట్టకముందు ఆ పరిశోధకులు నిపుణుల్ని అడిగారు, ఏం తేలుతుందని మీరనుకుంటున్నారు అని. దేశంలోని వాళ్లనూ బయటివాళ్లనూ, విధానాలు రాసేవాళ్లనూ చదువుచెప్పేవాళ్లనూ. అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకుని, అసలు ఫలితానికి చాలా పైన అంచనా వేసినవాళ్లు సియెర్రా లియోన్ విధానకర్తలే. తర్వాతి పథకం ఏ ఊళ్లకు ఎలా వెళ్లాలో రాసేదీ వాళ్లే.